చిట్టి నోరూ, నా వెర్నియరూ

నాది బెజవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు. లారీల హబ్బులు, షాఫ్టులు, బుష్షులు మా పని. షాఫ్టు కొలవకుండా బజారుకెళ్ళి బేరింగు కొనుక్కొచ్చే కుర్రాడు మా దగ్గర వారం కూడా ఉండడు. అలాంటి షెడ్డు నడిపే నేను, కొలత అన్న మాటే తలుచుకోకుండా, ఒక ప్రాణి నోట్లో ఏడాదిన్నర పాటు కడ్డీలు మార్చి మార్చి పెట్టాను. ఆ సిగ్గులోంచి రాస్తున్నాను ఇది. కొంచెం కోపం కూడా ఉంది, అది ముందు ముందు బయటపడుతుంది.

చిట్టి ఆడగుర్రం, రాజస్థాన్ మార్వారీ జాతి గుర్రాల రక్తం కలిసింది. చెవుల కొనలు లోపలికి ఒంపు తిరిగి ఒకదాన్నొకటి తాకబోతున్నట్టుంటాయి. దాని వంశానికి నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన దగ్గర కొన్నాను. అమ్మేటప్పుడే చెప్పాడు: "నోరు పెంకిది సార్. కళ్ళెం గట్టిది వేసుకోండి, లేకపోతే చేతికి రాదు." గట్టిది అంటే ఏమిటో కూడా తనే తీసి ఇచ్చాడు. నోట్లో ఉండే కడ్డీకి వరసగా మొలల్లాంటి ముళ్ళు. బరువులు లాగే, మోసే జంతువులను హింసించకుండా మన దేశంలో 1965లో చేసిన నిబంధనలు ముళ్ళు, బొడిపెలు ఉన్న కళ్ళేలను నిషేధించాయి. ఆ మాట అంటే ఆయన నవ్వాడు. "బ్యాండు మోతకి, టపాసులకి బెదిరి పెళ్ళికొడుకుని కింద పడేస్తే మీ నిబంధన వచ్చి పట్టుకుంటుందా?"

ముళ్ళది ఆ రోజే తీసేశాను. అంతటితో చిట్టి బాగుపడుతుందనుకున్నాను. పెదపులిపాక వైపు కరకట్ట కింద ఒక తోటలో పాక అద్దెకు తీసుకుని, పొద్దున్నే ఐదున్నరకల్లా దాన్ని కట్ట మీదికి తీసుకెళ్ళేవాణ్ణి. పావుగంట బాగానే నడిచేది. ఆ తర్వాత తల ఎగరేయడం మొదలు. నోరు తెరిచి కింది దవడ పక్కకి తోసేది. నాలుకను కడ్డీ మీదికి తెచ్చి పక్క నుంచి వేలాడేసేది. పగ్గం కాస్త అందుకుంటే గడ్డం ఛాతీకి ఆనించుకునేది, వదిలితే ముక్కు ఆకాశంలోకి. కొన్నాళ్ళకు నా చేతిలో కళ్ళెం కనిపిస్తే చాలు, పాక వాసాలకు తగిలేట్టు తల ఎత్తేసేది.

నలుగురికీ చెబితే నాలుగు సలహాలొచ్చాయి. ముళ్ళది వద్దంటే గడ్డం కింద గొలుసుండే కళ్ళెం వెయ్యమన్నారు ఒకరు. నోరు తెరుస్తోంది కాబట్టి ముక్కుపట్టీ బిగించి కట్టెయ్యమన్నారు ఇంకొకరు. అమ్మేసెయ్ అన్నారు ఒకాయన. వీడియోలు చూసే మా మేనల్లుడు మాత్రం, "మావయ్యా, లావు కడ్డీ వెయ్యి. లావుగా ఉంటే మెత్తగా ఉంటుందంట" అన్నాడు.

గొలుసు కళ్ళెం సంగతి నాకు చూడగానే అర్థమైంది. దానికి కిందికి పొడవాటి కాడలుంటాయి, పగ్గాలు వాటి చివర కడతారు. అది లివరు. చేతి బలాన్ని రెట్టింపో అంతకంటే ఎక్కువో చేసి నోటికి, గడ్డం కిందికి, చెవుల వెనక నెత్తికి చేరుస్తుంది. స్పానరుకు పైపు తొడిగితే ఏమవుతుందో ఆటోనగర్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. బోల్టన్నా తిరుగుతుంది, లేదా తెగుతుంది. నేర్చిన చేతిలో, నేర్చిన గుర్రానికి అది పనికొస్తుందేమో గానీ నా చేతికి మాత్రం వద్దనుకున్నాను.

మేనల్లుడి మాట నచ్చింది. సైన్సులా వినిపించింది కూడా: బలం అంతే, వైశాల్యం ఎక్కువ, కాబట్టి ఒత్తిడి తక్కువ. అయిదున్నర అంగుళాల స్నాఫిల్ ఒకటి తెప్పించాను. కాడలు లేకుండా, పగ్గాలు నేరుగా రింగులకే కట్టే రకం, మధ్యలో ఒక్క కీలు, బాగా లావు. అది వేసిన రోజు చిట్టి నోరే మూయలేదు. పొగరు అనుకున్నాను. తర్వాత రబ్బరు తొడిగింది తెచ్చాను. అది ఇంకా లావు. నెల తిరక్కుండా నమిలి పారేసింది. అదీ పొగరే అనుకున్నాను.

మనది ఎద్దుల నేల. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ ఎక్కడ పెట్టినా కృష్ణా, గుంటూరు జనం పొలోమని పోతారు, నేనూ పోతాను. పశువును అదుపు చేయడమంటే మన చేతులకు తెలిసింది ముకుతాడు. ముక్కుకు కన్నం పెట్టి తాడు ఎక్కిస్తాం, లాగితే నొప్పి, నొప్పికి లొంగుబాటు. ఆ చెయ్యే గుర్రం దగ్గరికొచ్చినా అదే లెక్క వేస్తుంది: ఆగలేదా, నొప్పి ఇంకాస్త పెంచు. మన భాషా ఆ లెక్కనే మోస్తోంది. పేపరు తీస్తే ధరలకు కళ్ళెం, అవినీతికి కళ్ళెం. ఇంట్లో అయితే పిల్లల నోటికి కళ్ళెం. కళ్ళెం అంటే ఆపేది, అంతే. కానీ మంచి రౌతు పగ్గాన్ని ఆపడానికి వాడేది చాలా తక్కువ. మిగతా సేపంతా అటు తిరుగు, కాస్త నెమ్మదించు, సరే వదిలేశాను పో, ఇలాంటి చిన్న చిన్న కబుర్లే. ఆ కబుర్లు నడవాల్సిన చోట పుండు ఉంటే ఏం మాట్లాడతాం?

పుండు సంగతి నాకు తెలియలేదు. తెలుసుకున్నది జట్కా తాత.

ఆయన మా పాక పక్కనే ఉంటారు. కుర్రతనంలో బెజవాడ స్టేషను దగ్గర జట్కా తోలారట. ఒకరోజు సాయంత్రం చిట్టి మేత తింటుంటే వచ్చి పది నిమిషాలు ఊరికే నిలబడి చూశారు. కింద పడిన గడ్డిని చేతికర్రతో కదిపారు. అందులో ఉండలు, సగం నమిలి, నోట్లో తిప్పి తిప్పి ఉమ్మేసిన గడ్డి ఉండలు. లద్దెను కూడా కదిపారు. ఉడకబెట్టి పెట్టిన ఉలవలు గింజలు గింజలుగా అలాగే ఉన్నాయి. నేను రోజూ ఎత్తిపోస్తున్న లద్దే అది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దంటారు గదా బాబూ," అన్నారు తాత. "నీ గుర్రం నోట్లో ఎప్పుడన్నా చెయ్యి పెట్టి చూశావా?"

గుర్రం పన్ను మన పన్ను లాంటిది కాదు. చిగురులోంచి ఏళ్ళ తరబడి పైకి వస్తూనే ఉంటుంది, ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున. గరుకు గడ్డి దాన్ని అరగదీస్తూ ఉంటుంది. రెండూ సరిసమానంగా జరిగితే బాధ లేదు. కానీ దానికి పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు. దవడను పక్కలకు తిప్పుతూ నమిలేటప్పుడు పై పళ్ళ బయటి అంచూ, కింది పళ్ళ లోపలి అంచూ సరిగ్గా అరగవు. అవి కత్తుల్లా మిగిలిపోతాయి. పైవి బుగ్గను కోస్తాయి, కిందివి నాలుకను కోస్తాయి. రోజంతా పచ్చిక కొరికే గుర్రం కంటే దాణా మీద బతికే గుర్రానికి ఈ బాధ ఎక్కువ. ఊరేగింపు గుర్రానికి పచ్చిక ఎక్కడిది?

కళ్ళెం కడ్డీ ఉండే చోటు వేరు. ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య పళ్ళు లేని ఖాళీ ఒకటుంటుంది. అది దేవుడు కళ్ళెం కోసమే వదిలాడని తాత నమ్మకం. అలా వదిలాడనుకున్నా, మెత్త వెయ్యడం మర్చిపోయాడు. అక్కడ దవడ ఎముక అంచు మీద పల్చటి చిగురు తప్ప ఇంకేమీ లేదు. చీకట్లో మంచం కోడు మోకాలి కింద ఎముకకు తగిలిన రోజును గుర్తు తెచ్చుకోండి. అలాంటి చోటు అది.

గుర్రం నోరు చూసేవాళ్ళు దొరకడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇందులో తప్పు పట్టడానికి ఎవరూ లేరు. ఇది పాడి నేల, ఇక్కడి పశువైద్యుల అనుభవమంతా గేదెలు, ఆవుల మీద. గేదెకు పై దవడలో ముందు పళ్ళే ఉండవు. గుర్రం నోరు వేరే లోకం. చివరికి గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివి, ఆ తర్వాత కొన్నేళ్ళు హైదరాబాదులో రేసు గుర్రాల మధ్య పనిచేసిన ఒక డాక్టరమ్మ వచ్చారు. చిట్టికి మత్తు సూది ఇచ్చారు. నోరు తెరిచి ఉంచే ఇనప చట్రం బిగించి, నుదుటికి లైటు కట్టుకుని లోపలికి చూశారు. చూసి, "మీరూ చెయ్యి పెట్టండి" అన్నారు.

పెట్టాను. మిల్లింగు చేసి పిసురు తీయకుండా వదిలేసిన అంచు ఎలా ఉంటుందో అలా ఉంది. వేలు తెగింది. కుడి బుగ్గ లోపల మానుతూ మళ్ళీ రేగుతూ ఉన్న పుండు. నాలుక మీద అడ్డంగా తెల్లటి పాత మచ్చ. ఎడమ వైపు పైన, మొదటి దవడ పన్నుకు ముందర శనగగింజంత పన్ను ఒకటి. వుల్ఫ్ టూత్ అంటారట. చాలా గుర్రాలకు ఉంటుంది, ఉన్నంత మాత్రాన పీకక్కర్లేదు. చిట్టికి మాత్రం కడ్డీ వెనక్కి జరిగినప్పుడల్లా దానికే తగులుతోందని చెప్పి తీసేశారు. తర్వాత పొడవాటి ఆకురాయితో అంచులన్నీ రాశారు. ఆకురాయి! ముప్ఫై ఏళ్ళుగా మా షెడ్డులో గోడకు వేలాడుతున్న పనిముట్టు.

నా కోపం ఇక్కడ. ఏడాదిన్నరలో నేను విన్న మాటలు మూడు: పొగరు, పెంకి, మొండి. మూడూ గుర్రం గుణం గురించే. పన్ను నొప్పేమో అని ఒక్కరూ అనలేదు, నేనూ అనుకోలేదు. మనకు పన్ను పోటు వస్తే ఇల్లంతా టెన్షన్. ఆ పోటు మీద కడ్డీ పెట్టించుకుని, ముక్కుపట్టీతో పుండు పడ్డ బుగ్గను పళ్ళకేసి నొక్కించుకుని, పైన డెబ్భై అయిదు కిలోల మనిషిని మోస్తూ తల ఎగరేసినదాన్ని పెంకిది అన్నాం. ఇది చిట్టి ఒక్కదాని కథ కూడా కాదు. ఫిన్లండులో ట్రాటింగు పందేలు, అంటే చిన్న బండి కట్టి తోలే పందేలు, ముగియగానే గుర్రాల నోళ్ళు పరీక్షించినప్పుడు, ఎక్కువ గుర్రాలకు కడ్డీ ఉండే చోట తాజా గాయాలున్నాయి. బయటికి నెత్తురు కనిపించినవి మాత్రం ఏ కొద్దో. అంటే పెదవులు తుడిచి చూసి, బాగానే ఉందనుకుంటే కుదరదు.

నోరు మానడానికి మూడు వారాలు కళ్ళెం జోలికి పోవద్దన్నారు. ఆ ఖాళీలో, ఆలస్యంగానైనా, షెడ్డులో మందం, వెడల్పు కొలిచే వెర్నియరు గుర్తొచ్చింది.

నున్నగా సానపట్టిన కర్ర ముక్కను చిట్టి నోట్లో కడ్డీ ఉండే చోట పెట్టి, రెండు పెదవి మూలల దగ్గర గీతలు గీశాను. మధ్య దూరం 114 మిల్లీమీటర్లు, నాలుగున్నర అంగుళాలకు ఒక వెంట్రుక తక్కువ. నేను వేసింది అయిదున్నర అంగుళాలది, దాదాపు 140. రెండు వైపులా కలిపి అయిదారు మిల్లీమీటర్లు వదులుంటే సరిపోయే చోట పాతిక వదులు. మా షెడ్డులో ఆ తేడాతో ఎవడైనా బుష్షు కొడితే ఏమంటానో ఇక్కడ రాయలేను.

వదులైతే హాయిగా ఉంటుంది కదా అనిపిస్తుంది. ఉండదు. కడ్డీ నోట్లో అటూ ఇటూ జారుతుంది. ఒక పగ్గం లాగితే మధ్యలో ఉండాల్సిన కీలు పక్కకి పోతుంది. రెండూ లాగితే కడ్డీ కీలు దగ్గర మడతపడి రెండు వైపుల నుంచీ మూసుకుంటుంది. అడకత్తెరలో పోకచెక్క అంటాం చూడండి, అక్కడ పోకచెక్క చిట్టి నాలుక. కడ్డీ నోటికి మించి పెద్దదైతే ఆ మడత మొన అంగిలికీ తగలొచ్చు. అందుకే నోరు తెరిచేది. నోరు తెరవడం కాస్త చోటు చేసుకోవడమే, మొనను తప్పించుకోవడమే. దానికి మనం కనిపెట్టిన మందు, ముక్కుపట్టీతో ఆ నోరు కట్టెయ్యడం!

లావు సంగతి కూడా తేలింది. వెర్నియరు పెడితే 21 మిల్లీమీటర్లు. నా సైన్సులో తప్పు లేదు, నోట్లో చోటు ఉందని అనుకోవడంలో ఉంది తప్పు. గుర్రం నోరు మూసుకుంటే నాలుకే లోపలంతా నిండిపోతుంది. ఆ పళ్ళు లేని చోటు నుంచి రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి చూడండి, నాలుకకూ అంగిలికీ మధ్య ఎంత ఇరుకో తెలుస్తుంది. చిట్టి సన్నటి మూతిలో నా వేళ్ళు నలిగాయి. అందులో 21 మిల్లీమీటర్ల కడ్డీ అంటే మన నోట్లో ఎప్పుడూ ఒక గోలీకాయ పెట్టుకుని తిరిగినట్టు. అలాగని సన్నటి తీగ పెడితే కోస్తుంది. గుర్రాన్ని నేర్పుగా నడిపించి చూపే డ్రెసాజ్ పోటీల అంతర్జాతీయ నియమాల్లో స్నాఫిల్ కనీస మందం గుర్రాలకు 14 మిల్లీమీటర్లు, పోనీలకు 10. లావు మెత్తన, సన్నం కరుకు అన్న సూత్రం చోటున్న నోటికే పనికొస్తుంది. చోటు చూడకుండా సూత్రం చెప్పేవాళ్ళను, మా మేనల్లుడితో సహా, ఇప్పుడు నమ్మను.

ఇక్కడ ఒక తెలివితక్కువ పని కూడా ఒప్పుకోవాలి. లేత్ ఉంది కదా, స్టెయిన్‌లెస్ రాడ్డు ఉంది కదా అని నేనే ఒకటి తయారు చేశాను. రెండు కీళ్ళు, మధ్యలో చిన్న గింజలాంటి ముక్క. చూడటానికి ముద్దుగా వచ్చింది. కొలతలన్నీ సరే. రింగు తిరిగే కన్నం అంచు దగ్గర ఒక చిన్న సందు వదిలేశాను. రెండో రోజు చిట్టి పెదవి మూల ఆ సందులో పడి నలిగి నెత్తురొచ్చింది. షాఫ్టుకు చర్మం ఉండదు, అందుకే మాకు ఆ అలవాటు లేదు. లేత్ ఉన్నవాళ్ళకు చెబుతున్నాను, ఈ పని చెయ్యకండి. జీన్లు, కళ్ళేల తయారీకి కాన్పూరు ఉంది, వాళ్ళకు ఎగుమతుల అనుభవం ఉంది. అక్కడి నుంచే తెప్పించుకున్నాను: నాలుగుముప్పావు అంగుళాలు, 14 మిల్లీమీటర్లు, రెండు కీళ్ళు, రింగులు గిర్రున తిరగకుండా కడ్డీకి అమరిపోయిన రకం. రాగి కలిసిన లోహం. రాగి రుచికి లాలాజలం ఊరి గుర్రం నెమ్మదిస్తుందంటారు. దాని మీద నేను పందెం కట్టను, కొలతల మీద కడతాను. పెదవి మూల ఒక చిన్న ముడత పడేంత ఎత్తులో కట్టాను. ముక్కుపట్టీ కింద, ముక్కు ఎముక మీద, రెండు వేళ్ళు పట్టేంత వదులు.

కళ్ళేలే వద్దు, అదంతా హింస అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. ముక్కు మీద పట్టీతోనే నడిపే సరంజామా ఒకటి తెచ్చి తోట లోపల వాడాను. చిట్టి హాయిగానే తిరిగింది. కరకట్ట మీద ఇసుక ట్రాక్టర్ల మధ్యకు అలా వెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు, అది నా చేతకానితనం. కానీ ముక్కు కూడా రాయి కాదు. కిందికి వచ్చేకొద్దీ అక్కడి ఎముక పల్చన, పక్కన నరాలు పైకి తేలే చోటుంది. లివరు కాడలున్న ముక్కుపట్టీ కఠినమైన చేతిలో పడితే ముకుతాడుకు తమ్ముడే.

చేతి సంగతి తాతే తేల్చారు. కొత్త కళ్ళెంతో వారం రోజులు చిట్టి చక్కగా నడిచి, ఎనిమిదో రోజు ట్రాక్టరు ఎదురైతే మళ్ళీ తల ఎగరేసింది. నేను కళ్ళేన్ని తిట్టుకుంటూ వస్తే తాత కళ్ళెం విప్పించి కడ్డీని నా రెండు చేతుల్లో పెట్టారు. కళ్ళు మూసుకోమన్నారు. వెనక నిలబడి పగ్గాలు పట్టుకున్నారు. చాలాసేపు ఏమీ తెలియలేదు. పట్టుకున్నారా లేదా అని అనుమానం వచ్చింది. తర్వాత చేతిలో చీమ కదిలినట్టు చిన్న కదలిక, కుడి వైపు. ఆ తర్వాత నన్ను పగ్గాలు పట్టుకోమని కడ్డీ ఆయన తీసుకున్నారు. అరనిమిషం కాలేదు.

"కరెంటు తీగ పట్టుకున్నట్టుంది బాబూ," అన్నారు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఎన్ని కళ్ళేలు కొంటావు?"

ట్రాక్టరు చప్పుడుకు ముందు బెదిరేది నేనేనని, పగ్గం అందుకునేదీ నేనేనని ఆ తర్వాత నెల రోజులు గమనిస్తే తెలిసింది. ఇప్పుడు ఎదురుగా బండి కనిపిస్తే గట్టిగా ఊపిరి వదులుతాను. చాలాసార్లు పని చేస్తోంది.

ముళ్ళ కళ్ళేన్ని తుక్కులో వేశాను. తుక్కు కొనే కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ బండి పార్టన్నా ఇది?" అని అడిగాడు. ఇనుము ధరకే తూచుకుపోయాడు.

చిట్టి పూర్తిగా కుదురుకుందని చెప్పలేను. నాలుక వేలాడేయడం పోయింది, గడ్డి ఉండలు పోయాయి, కళ్ళెం చూపిస్తే ఇప్పుడు తనే తల దించి నోరు తెరుస్తుంది. ఎడమ వైపు తిప్పితే మాత్రం అప్పుడప్పుడూ దవడ పక్కకి తోస్తోంది, యనమలకుదురు దగ్గర కట్ట దిగే మలుపులో మరీను. డాక్టరమ్మ మెడా, వీపూ చూడాలన్నారు, జీను ఒక పక్కకి ఒరుగుతోందేమో కూడా చూడాలట. వచ్చే నెల పళ్ళ పరీక్షకు వస్తారు, అప్పుడు చూస్తారు. తాత మాత్రం నా ఎడమ చెయ్యి చూసుకోమంటున్నారు.